దుంగలతో ఇల్లు కట్టాలనుంది, చిక్కబళ్లాపురం దగ్గర. చెదల సంగతి ఎలా?

వర్తూరు_వాసు
చిక్కబళ్లాపురం దాటాక గౌరిబిదనూరు దారిలో ఎకరం నేల కొని మూడేళ్లయింది. బోరు వేశాం, మామిడి, సపోటా పెట్టాం. ఇప్పుడు శని, ఆదివారాలు అక్కడే పడుకునేలా చిన్న ఇల్లు కట్టాలి. సిమెంటు ఇల్లు వద్దని ఇంట్లో అందరి మాట. గుండ్రటి దుంగలు అడ్డంగా ఒకదాని మీద ఒకటి పేర్చి, మూలల్లో గాడి కోసి బిగించే ఇల్లు కావాలి. పొడవు ఇరవై అడుగులు, వెడల్పు పదహారు చాలు. పిల్లలకు అటక, నాన్నకు ముందు వసారా.

ఒక కంపెనీని పిలిస్తే విదేశీ పైన్ దుంగలతో 28 లక్షలు చెప్పారు. చెదలకు గ్యారంటీ ఎన్నేళ్లంటే ఏడాది అన్నారు. అప్పటినుంచి టెన్షన్ పట్టుకుంది. మా నాన్నది పలమనేరు. "కట్టె ఇల్లు కడితే చెదలకు విస్తరి వేసినట్టే" అంటున్నారు. మళ్లీ ఆయనే, పలమనేరులో మా పాత ఇల్లు పడగొట్టినప్పుడు తెచ్చుకున్న టేకు ద్వారబంధం, జోడు తలుపులు ఈ ఇంటికే పెట్టాలంటున్నారు. పదిహేనేళ్లుగా అవి మా అపార్ట్‌మెంట్ బాల్కనీలో గోడకు ఆనించి ఉన్నాయి.

బెంగళూరు చుట్టుపక్కల ఇలా కట్టుకుని ఐదారేళ్లు గడిచినవాళ్లు ఎవరైనా ఉంటే చెప్పండి.

కోలారు_కిట్టు
28 లక్షలా! మా ఊళ్లో ఆ డబ్బుతో మిద్దె ఇల్లు కట్టి గృహప్రవేశం భోజనాలు కూడా పెట్టేయొచ్చు.

పెంకుటిల్లు
వద్దనే చెప్తాను. దుంగల ఇల్లు పుట్టింది స్వీడన్, ఫిన్లాండ్, రష్యా లాంటి చలి దేశాల్లో. అక్కడ నిటారుగా పెరిగే పైన్, స్ప్రూస్ అడవులు ఇంటి పక్కనే ఉంటాయి. 1638లో స్వీడన్ వాళ్లు డెలావేర్ నది ఒడ్డున దిగినప్పుడు ఆ పద్ధతిని అమెరికాకు తీసుకెళ్లారు. మనకు దేవనహళ్లి పక్కన సాదరహళ్లి రాయి ఉంది. రాతి గోడ, మంగళూరు పెంకు వేసుకుంటే మీ మనవల దాకా నిలుస్తుంది. చెదలు రాయిని తినవు కదా.

మదనపల్లె_మామ
దుంగ అంటారేంటయ్యా, మా వైపు మొద్దు అంటాం. "మొద్దుల ఇల్లు" అంటే మీ పిల్లలు ఒప్పుకోరేమోలే.

చేవ_ఉన్న_కర్ర
పెంకుటిల్లు గారూ, రాయి మంచిదే, కానీ చలి వల్లే దుంగలు నిలుస్తాయన్నది సగం నిజం. రష్యాలో ఒనేగా సరస్సులోని కిజి ద్వీపంలో 1714లో దుంగలతో కట్టిన చర్చి ఇంకా ఉంది. మన హిమాచల్‌లో దేవదారు దుంగ ఒక వరస, రాయి ఒక వరస పేర్చి కట్టే కాఠ్‌కుణీ ఇళ్లు తరాలుగా నిలబడ్డాయి. చలి దేశంలో కూడా తడి నిలిచే చోట దుంగ పుచ్చిపోతుంది. వాన గోడ మీద పడకూడదు, దుంగ నేలకు తగలకూడదు. ఈ రెండూ కుదిరితే బెంగళూరులో కట్టొచ్చు. కుదరకపోతే సిమ్లాలో కూడా కట్టొద్దు.

మా నాన్నగారు మైసూరు రోడ్డు టింబర్ లేఔట్‌లో ముప్పై ఏళ్లు కోత మిల్లు నడిపారు. నేను అక్కడే పెరిగాను కాబట్టి లెక్క చెప్తాను. మీ ఇంటి చుట్టూ 72 అడుగులు. మూలల్లో దుంగ తలలు అడుగు చొప్పున బయటికి రావాలి, అంటే వరసకు 80 అడుగులు. ఎనిమిదంగుళాల దుంగకి అడుగున గాడి తీస్తే ఒక్కో వరస ఏడంగుళాల ఎత్తు ఇస్తుంది. తొమ్మిదడుగుల గోడకి 16 వరసలు. మొత్తం 1280 అడుగుల దుంగ.

డిపోలో గుండ్రటి దుంగను కొలిచే పద్ధతి వేరు. మధ్యలో టేపు చుట్టి చుట్టుకొలత తీస్తారు, దాన్ని నాలుగుతో భాగిస్తారు, వచ్చిన అంకెను దానితోనే హెచ్చవేసి పొడవుతో గుణిస్తారు. ఎనిమిదంగుళాల దుంగ ఇరవై అడుగులుంటే నిజానికి ఏడు సీఎఫ్టీ (ఘనపుటడుగులు), ఈ లెక్కలో ఐదున్నర లోపే. మీ ఇంటికి డిపో లెక్కన సుమారు 350 సీఎఫ్టీ. తలుపులు, కిటికీల చోట మిగిలింది తరుగుకి సరిపోతుంది. ధర అడిగినప్పుడు ఏ కొలత మీద అని ముందే తేల్చుకోండి. గుండు కొలతకి ఒక రేటు, కోత కొలతకి ఇంకో రేటు ఉంటుంది.

వర్తూరు_వాసు
అన్నా, ఇంత వివరంగా ఆ కంపెనీవాళ్లు కూడా చెప్పలేదు. మరి ఏ కట్టె? టేకు మా వల్ల కాదు. మా నేల పక్కనే నీలగిరి తోపు ఉంది, అది వాడొచ్చా?

చేవ_ఉన్న_కర్ర
నీలగిరి వద్దు. కోసిన వారానికే తలల దగ్గర పగులుతుంది, ఆరేకొద్దీ మెలి తిరుగుతుంది. పందిరి గుంజకి పర్లేదు, గోడకి పనికిరాదు. సరుగుడు కూడా అంతే. మీకు అందుబాటులో ఉన్నది సిల్వర్ ఓక్. కాఫీ తోటల్లో నీడకి, మిరియాల తీగకి పెంచుతారు. మాను నిటారుగా ఉంటుంది, తేలిక. కర్ణాటక 1976 చెట్ల పరిరక్షణ చట్టంలో కొట్టడానికి అనుమతి అక్కర్లేని చెట్ల జాబితాలో అది ఉంది. అయినా బిల్లు, తోట కాగితాలు లారీలో పెట్టించండి.

ఒక లోపం దాచకుండా చెప్పాలి. దానికి టేకు లాంటి చేవ లేదు. మందు పట్టించకుండా వాడితే మీ నాన్నగారి మాటే నిజమవుతుంది.

సకలేశపుర_సుధ
నేను కట్టాను. 2016లో, మా తోటలోని సిల్వర్ ఓక్‌తోనే. అతిథుల కోసం రెండు గదులు. మొదటి మూడేళ్లు ఏడిపించింది, ఇప్పుడు బాగుంది. ఎక్కడ దెబ్బతిన్నామో చెప్తాను వాసు గారూ, మీకు ఆ ఖర్చు తప్పుతుంది.

మొదటి తప్పు, తొందర. చెట్లు కొట్టిన నెలలోపే గోడలు లేపాం. దుంగ ఆరేటప్పుడు పొడవులో దాదాపు తగ్గదు, లావులో తగ్గుతుంది. పచ్చి దుంగల గోడ అడుగు ఎత్తుకి అరంగుళం దాకా కిందికి దిగుతుంది. తొమ్మిదడుగుల గోడ అంటే నాలుగంగుళాల పైనే. మా మేస్త్రీ కిటికీ చట్రాలను గోడకి మేకులతో బిగించేశాడు. ఆరు నెలలకి పై దుంగల బరువంతా చట్రం మీదికి వచ్చి రెండు అద్దాలు పగిలాయి, తలుపు తెరుచుకోలేదు. అతిథులు లోపలుండగా ఇరుక్కుపోతే కిటికీలోంచి దింపాం. ఆ రోజు నేను పడ్డ సిగ్గు ఇంకా గుర్తుంది.

రెండో తప్పు, దుంగల మధ్య సందుల్లో సిమెంటు పూయించడం. దుంగ తగ్గుతుంది, సిమెంటు తగ్గదు. మధ్యలో వెంట్రుకంత చీలిక వస్తుంది. వాన నీళ్లు అందులోకి దిగుతాయి, సిమెంటు ఆ తడిని పట్టి ఉంచుతుంది. రెండు వానాకాలాలకి పడమటి గోడలో నాలుగు దుంగలు గోరుతో గీకితే పొడి రాలే స్థితికి వచ్చాయి. అంతా ఊడదీసి కొబ్బరి పీచు తాడు కొట్టించాం. తాడు దుంగతోపాటు కదులుతుంది.

మూడోది చూరు. అడుగున్నరే వదిలాం. తరవాత మూడడుగులకి పెంచాం.

పెంకుటిల్లు
చూశారా, ఇదే నేను చెప్పింది. ఇంత అవస్థ ఎందుకు?

సకలేశపుర_సుధ
అవస్థ మా తెలియనితనం వల్ల వచ్చింది, కట్టె వల్ల కాదండీ. ఇప్పుడు ఆ గదుల్లో వాన రోజు పడుకుంటే తడిసిన దుంగల వాసన, పెంకుల మీద చినుకులు. మా అత్తగారికి 78 ఏళ్లు, పెద్ద ఇల్లు వదిలి అక్కడే పడుకుంటున్నారు. మళ్లీ కట్టమంటే మళ్లీ కడతాను.

హొసూరు_రమణ
అక్కా, ఆ 'అడుగుకి అరంగుళం' లెక్క ప్రింటు తీసి మేస్త్రీలకి పంచాలి.

వర్తూరు_వాసు
సుధ గారూ, ఇది చదివి మా ఆవిడకి కూడా వినిపించాను. ఇప్పుడు అసలు భయం పట్టుకుంది. నాన్న ద్వారబంధం ఎత్తు ఐదున్నర అడుగులే, వంగి వెళ్లాలి. దాన్ని గోడలో పెడితే, పైనుంచి దుంగలు దిగి అది నలిగిపోతుందా?

చేవ_ఉన్న_కర్ర
నలగదు, పద్ధతిగా పెడితే. తలుపు చోటు కోశాక, రెండు పక్కలా దుంగల కోసిన తలల్లో పైనుంచి కిందికి రెండంగుళాల గాడి తీయిస్తారు. ఆ గాడిలో ఒక నిలువు చెక్క దూరుతుంది. ద్వారబంధాన్ని ఆ చెక్కకి మాత్రమే బిగించాలి, దుంగలకి ఒక్క మేకు కూడా వద్దు. అప్పుడు దుంగలు చెక్క పక్కనుంచి జారుతూ దిగుతాయి, బంధం కదలదు. బంధం పైన మీరు నాలుగంగుళాల సందు వదలాలి. అందులో గొర్రె ఊలు గానీ పాత కంబళి ముక్కలు గానీ కూరి, బయట ఒక పలక అడ్డం పెట్టండి. ఆ పలకని పై దుంగకే కొట్టాలి, బంధానికి కాదు.

వసారా స్తంభాలకీ ఇదే సమస్య. నిలువుగా నిలబెట్టిన కొయ్య ఎత్తు తగ్గదు, గోడ మాత్రం దిగుతుంది, చూరు ముందువైపు పైకి లేస్తుంది. స్తంభం కింద స్క్రూ జాక్ పెట్టించి మూడు నెలలకోసారి కొంచెం తిప్పి దించండి.

మదనపల్లె_మామ
వంగి వెళ్లే గడప మంచిదేనయ్యా. మా అవ్వ ఇంట్లో అలాంటిదే. కొత్త అల్లుళ్లందరికీ అక్కడే ఒకసారి నుదురు తగిలేది, ఆ తరవాతే మా ఇంటి మనుషులయ్యేవాళ్లు.

మడిపాక్కం_మూర్తి
చెన్నై నుంచి. ఈసీఆర్ రోడ్డులో స్నేహితుడి సరుగుడు తోటలో మేం నలుగురం కలిసి కట్టె కుటీరం కట్టుకున్నాం. 2016 డిసెంబరు 12న వర్ధా తుపాను వచ్చి పైకప్పు ఎత్తుకుపోయింది. గోడలు నిలిచాయి. కప్పు వాసాలని గోడకి మేకులతో మాత్రమే కొట్టాం, అదే పొరపాటు. ఇనుప పట్టీలతో వాసాన్ని దూలానికి, దూలాన్ని పునాది దాకా బోల్టు కడ్డీతో కట్టాలి. మీ వైపు తుపాను రాకపోయినా ఏప్రిల్, మేలో సాయంత్రం గాలివానలు తక్కువేం కాదు. మూడడుగుల చూరు కింద గాలి దూరిందంటే గొడుగు తిరగబడ్డట్టే. ఆ బోల్టు కడ్డీ పైన మరలు తిప్పే వీలుండాలి, గోడ దిగేకొద్దీ బిగించడానికి.

కోలారు_కిట్టు
వీకెండు ఇంటికి ఇంత ఇంజినీరింగా!

మడిపాక్కం_మూర్తి
తమ్ముడూ, మా కప్పు పక్క తోటలో దొరికింది. ఆ రాత్రి లోపల ఎవరూ లేరు. పిల్లలు పడుకునే ఇల్లు కాబట్టే చెప్తున్నా.

వర్తూరు_వాసు
మందు సంగతి ఎవరైనా విడమరిచి చెప్పండి. దుకాణంలో అడిగితే ఒకరు డీజిల్ పూయమన్నారు, ఒకరు ఇంజిన్ ఆయిల్ అన్నారు.

చేవ_ఉన్న_కర్ర
పడుకునే గదికి డీజిలా? వద్దు. తక్కువ ఖర్చులో ఇంట్లో చేయగలిగింది బోరాక్స్, బోరిక్ యాసిడ్ కలిపిన నీళ్లు. మూడు పాళ్లు బోరాక్స్‌కి రెండు పాళ్లు బోరిక్ యాసిడ్, వేడి నీళ్లలో కరిగించాలి. చెట్టు కొట్టి, బెరడు ఒలిచి, దుంగ పచ్చిగా ఉన్నప్పుడే ముంచాలి. తొట్టి లేకపోతే రెండుమూడు సార్లు బాగా పట్టించి, టార్పాలిన్ కప్పి నాలుగు వారాలు వదిలేయాలి. లోపలి తడిని పట్టుకునే మందు లోపలికి వెళ్తుంది. ఎండిన దుంగకి పూస్తే పైపైనే ఆగిపోతుంది. చాలామంది ఎండాక పూసి, మందు పనిచేయలేదంటారు.

దీనికి ఒక బలహీనత, వాన పడితే కరిగి కారిపోతుంది. అందుకే మళ్లీ ఆ మూడడుగుల చూరు దగ్గరికే వస్తాం. కింది రెండు వరసలకి మాత్రం ప్రెషర్‌లో మందు ఎక్కించిన కట్టె కొనండి. ఆ ముక్కల్లో ఆర్సెనిక్ కలిసిన రకాలు ఉంటాయి. మిగిలిన ముక్కల్ని నీళ్ల పొయ్యిలోనో, చలిమంటలోనో వేయనివ్వకండి. కూలీలు తీసుకెళ్లి వంటకి వాడకుండా ముందే చెప్పండి.

కొన్న కట్టె ఏమిటో అనుమానం వస్తే మల్లేశ్వరం 18వ క్రాస్‌లో ఐ.డబ్ల్యు.ఎస్.టి. ఉంది, కేంద్రప్రభుత్వ కొయ్య పరిశోధన సంస్థ. చిన్న ముక్క ఇస్తే ఏ చెట్టో చెప్తారు.

పెంకుటిల్లు
సరే, కట్టేట్టే ఉన్నారు కాబట్టి పునాది నాకు వదిలేయండి. సైజు రాళ్లతో గోడ కట్టించి నేల నుంచి రెండున్నర అడుగులు లేపండి. దాని మీద రాతి చప్టా, దాని మీద మొదటి దుంగ. రాయికీ దుంగకీ మధ్య రేకు పెట్టి, అంచులు బయటికి కిందికి వంచండి. చెదలు ఆ అంచు దాటాలంటే మట్టి గొట్టం కట్టుకుంటూ పైకి రావాలి, అది కంటికి కనిపిస్తుంది. నెలకోసారి టార్చితో చుట్టూ తిరిగి చూడండి, కనిపిస్తే గీకేయండి. ఇంటికి ఆనించి పూలమొక్కలు, పొయ్యి కట్టెలు పెట్టకండి. మొక్కలు గొట్టాలను దాచేస్తాయి.

స్నానాలగది మాత్రం ఇటుకతో, ఇంటికి కలిపి కాకుండా పక్కన కట్టండి. దిగే గోడలో పైపులు నడిపితే ఎక్కడో ఒకచోట జాయింటు ఊడుతుంది.

సకలేశపుర_సుధ
స్నానాలగది మాట అక్షరాలా నిజం. మాది మూడుసార్లు కారింది.

హొసూరు_రమణ
కరెంటు పని నాది. వైర్లు గొట్టంలోనే నడపండి, దుంగ మీద మేకు కొట్టి వేలాడదీయకండి. కొయ్య ఇంట్లో ఆర్సీసీబీ, అంటే కరెంటు లీకైతే వెంటనే సరఫరా ఆపేసే స్విచ్, తప్పనిసరి. గ్యాసు సిలిండరు బయట రాతి అరలో. పొయ్యి వెనక గోడకి నల్లరాయి పలక, దానికీ దుంగకీ మధ్య అంగుళం గాలి సందు.

అవిసె నూనె పూస్తారేమో, ఒక మాట. నూనె తుడిచిన గుడ్డల్ని ఉండచుట్టి మూలన పడేస్తే వాటంతటవే వేడెక్కి అంటుకుంటాయి. నీళ్ల బకెట్లో వేయండి, లేదా తీగ మీద విడివిడిగా ఆరేయండి. నేను పనిచేసిన ఒక సైటులో తెల్లారేసరికి వడ్రంగి సామాను షెడ్డు కాలిపోయింది.

వర్తూరు_వాసు
పిల్లలు లోపల చలిమంట పొయ్యి కావాలంటున్నారు.

పెంకుటిల్లు
బెంగళూరులో ఏడాదికి ముప్పై రాత్రులు కూడా వాడరు. బయట ఇరవై అడుగుల దూరంలో రాళ్ల వలయం పెట్టండి, మొక్కజొన్న కంకులు కాల్చుకోవచ్చు.

జయనగర్_పద్మ
ఇంతసేపూ గోడలే. లోపల ఏం పెడతారో ఎవరూ అడగలేదు! దుంగల ఇల్లు అనగానే అందరూ విదేశీ బొమ్మలు చూసి జింక కొమ్ములు, గళ్ల దుప్పట్లు కొంటారు. వాసు గారూ, మీ ఇంటి వస్తువులే పెట్టండి. నులక మంచాలు రెండు. పగలు నిలబెడితే ఆ చిన్న గదిలో చోటు మిగులుతుంది. చళ్లకెరె కంబళ్లు నాలుగు, డిసెంబరు రాత్రికి రజాయి అక్కర్లేదు. గుండ్రటి గోడకి ఫొటో చట్రం సరిగా ఆనదు, కాబట్టి శ్రీకాళహస్తి కలంకారీ గుడ్డ ఒకటి కడ్డీకి వేలాడదీయండి. అటకకి నిచ్చెన వేస్తే మెట్లు వెడల్పుగా వేయించండి, రాత్రి నిద్రమత్తులో దిగేది పిల్లలు.

పాత భోషాణం ఏదైనా ఇంట్లో ఉందా? పరుపులు, దుప్పట్లు అందులో పెడితే ఎలుకల బెడద ఉండదు.

వర్తూరు_వాసు
భోషాణం చిన్నాన్న తీసుకున్నారండీ. మాకు వచ్చింది ద్వారబంధమే.

మదనపల్లె_మామ
పంచుకున్నప్పుడు మీ నాన్న గడప అడిగాడు చూడు, అదీ మనిషి.

కోలారు_కిట్టు
పంచాయతీ పర్మిషన్ ఎలా? మాకూ మూడు ఎకరాలుంది, అడుగుతున్నా.

పెంకుటిల్లు
వ్యవసాయ భూమిలో రైతు తన నేలలో పదో వంతుకి మించకుండా ఫార్మ్ హౌస్ కట్టుకోవచ్చని కర్ణాటక భూ రెవెన్యూ చట్టం 95వ సెక్షన్ చెప్తుంది. అద్దెకిచ్చే ఆలోచన ఉంటే సంగతి వేరు, భూమార్పిడి కావాలి. కట్టేముందు తాలూకా ఆఫీసులో ఒకసారి కనుక్కోండి.

వర్తూరు_వాసు
పదిహేను నెలల తరవాత వస్తున్నాను. ముందే రాయాల్సింది, పనిలో పడి కుదరలేదు.

సిల్వర్ ఓక్ దుంగలు మూడిగెరె వైపు ఒక తోట నుంచి తెచ్చాం, బెరడు అక్కడే ఒలిపించాం. చేవ అన్న చెప్పిన కొలతే పట్టుకుని బేరం చేశాను, డిపో అతను "మీది టింబర్ వ్యాపారమా" అని అడిగాడు. నేలమీద ప్లాస్టిక్ పరిచి తొట్టి కట్టి మందులో ముంచాం, నెల కప్పి ఉంచి, ఆపైన ఆరు నెలలు నీడలో పేర్చాం. పునాది పెంకుటిల్లు గారు చెప్పినట్టే రెండున్నర అడుగులు. గోడలు లేపడానికి ఇద్దరు వడ్రంగులు, నలుగురు సహాయకులు, యాభై రెండు రోజులు. మంగళూరు పెంకులు, ఇనుప పట్టీలు, కొబ్బరి తాడు, ఇటుక స్నానాలగది అన్నీ కలిపి 17 లక్షలు దాటింది. కిట్టూ, మిద్దె ఇల్లు వచ్చేదే, నాకు తెలుసు.

ద్వారబంధం పెట్టే రోజు నాన్న తెల్లవారుజామునే లేచి పసుపు, కుంకుమ తనే పెట్టారు. వడ్రంగి ఎత్తు పెంచుదామని కింద చెక్క జోడించబోతే ఒప్పుకోలేదు. ఐదున్నర అడుగులే. నేను ఇప్పటికి రెండుసార్లు నుదురు కొట్టుకున్నాను, మామా.

దుంగలు నాలుగు చోట్ల నిలువునా పగిలాయి, వేలు దూరేంత. భయపడాలా?

చేవ_ఉన్న_కర్ర
చాలా సంతోషం వాసు. ఆ పగుళ్లు మామూలే. మాను చుట్టూరా తగ్గేది, నడి నుంచి బయటికి తగ్గేదానికి రెట్టింపు ఉంటుంది, అందుకే ఎక్కడో చీలక తప్పదు. కిందివైపున్న పగులు వదిలేయండి. ఆకాశం చూసే పగులు ఉంటే అందులో నీళ్లు నిలుస్తాయి, దానికి మాత్రం తాడు కూరి పైన మైనం కలిపిన నూనె పట్టించండి. బంధం పైన సందు ఎంత మిగిలింది?

వర్తూరు_వాసు
నాన్న నెలకోసారి స్కేలు పెట్టి కొలిచి, పక్క దుంగ మీద పెన్సిల్‌తో తేదీ వేసి రాస్తున్నారు. నాలుగంగుళాలతో మొదలైంది. నిన్నటికి రెండుంపావు.

చేవ_ఉన్న_కర్ర
ఇంకో పావో, అరో దిగుతుంది. పలక ఇప్పుడే గట్టిగా బిగించొద్దు, ఈ వానాకాలం పోనివ్వండి. ఆ పెన్సిల్ గీతల మీద నూనె పూయించకండి, చెరిగిపోతాయి.

వర్తూరు_వాసు
పూయనివ్వను. అక్కడ నాన్న అక్షరాలు ఉన్నాయి.

జయనగర్_పద్మ
నులక మంచాలు దొరికాయా?

వర్తూరు_వాసు
ఒకటి దొరికిందండీ, పలమనేరు సంతలో. రెండోదానికి నులక పేనడం నాన్న మా పెద్దాడికి నేర్పుతున్నారు. మూడు వారాలైంది, పావు వంతు అయింది.